తుప్పుమచ్చల పిల్లి: పోకాక్ గ్రంథంపై ఒక విమర్శ

జంతువుల వ్యాప్తిని తెలిపే పటాన్ని పాఠ్యగ్రంథంలో చూడని విద్యార్థి ఉండడు. రంగు పూసినచోట ఆ జంతువు ఉన్నదనీ, పూయనిచోట లేదనీ అతడు గ్రహిస్తాడు. మొదటిది చాలావరకు నిజమే. రెండవది నిజం కానక్కరలేదు. ఈ భేదాన్ని పాటించకపోతే ఎటువంటి చిక్కులు వస్తాయో తెలుసుకోవడానికి తుప్పుమచ్చల పిల్లి చక్కని ఉదాహరణ. ఈ జంతువు వర్గీకరణలో ముఖ్యమైన రచన ఆర్. ఐ. పోకాక్ 1939లో వెలువరించిన క్షీరద సంపుటం. 'బ్రిటిష్ ఇండియా జంతుజాలం' అనే గ్రంథమాలలో అది ఒక భాగం. దాని గుణదోషాలను విచారిస్తే పై విషయం స్పష్టమవుతుంది.

ముందు జంతువును పరిచయం చేసుకోవాలి. ప్రపంచంలోని అడవిపిల్లులలో అతి చిన్నవాటిలో ఇది ఒకటి. తోకను మినహాయిస్తే పొడవు 35 నుండి 48 సెంటీమీటర్లు. బరువు సుమారు 0.8 నుండి 1.6 కిలోగ్రాములు. అంటే పెంపుడుపిల్లి కంటె కూడ చిన్నది. బూడిదరంగు ఒంటిమీద తుప్పురంగు మచ్చలు వరుసలు తీరి ఉంటాయి. రాత్రివేళ సంచరిస్తుంది, చెట్లెక్కడంలో నేర్పరి. 1831లో ఇసిడోర్ జాఫ్రాయ్ సెయింట్ హిలేర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పుదుచ్చేరిలో దొరికిన నమూనాను బట్టి దీనికి ఫెలిస్ రూబిజినోసా అని పేరు పెట్టాడు. లాటిన్ భాషలో రూబిజినోసా అంటే తుప్పుపట్టినది అని అర్థం.

పోకాక్ చేసిన మేలు తక్కువది కాదు. అదే గ్రంథమాలలో అంతకు ముందు, 1888లో, బ్లాన్‌ఫర్డ్ చీతాను తప్ప పులి మొదలు ఈ చిన్న పిల్లి వరకు అన్నిటినీ ఫెలిస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చాడు. పోకాక్ అట్లా చేయలేదు. కంఠాస్థి నిర్మాణం, పాదాలు, గోళ్ల తొడుగులు మొదలైన లక్షణాలను పరీక్షించి 1917లోనే పిల్లుల కుటుంబాన్ని పునర్విభజన చేశాడు. 1939 గ్రంథంలో తుప్పుమచ్చల పిల్లినీ, చిరుతపిల్లినీ, చేపలు పట్టే నీటిపిల్లినీ ప్రియోనైల్యూరస్ ప్రజాతి క్రిందికి తెచ్చాడు. 2006లో జన్యుపదార్థాన్ని పోల్చి చూసిన పరిశోధకులు కూడ ఈ మూడూ దగ్గరి బంధువులేనని తేల్చారు. ఎముకలను బట్టి చేసిన నిర్ణయం అరువది ఏండ్లు దాటిన తరువాత మరొక మార్గంలో ధ్రువపడడం ఆయన నిశితదృష్టికి నిదర్శనం.

కాని జాతి క్రింద ఉపజాతులను ఏర్పరచే విషయంలో ఈ పద్ధతి అంత దృఢమైనది కాదు. శ్రీలంక మధ్య రాష్ట్రపు నమూనాను బట్టి పోకాక్ ఫిలిప్సీ అనే ఉపజాతిని ప్రతిపాదించాడు. 1956లో దెరణియగల అదే ద్వీపంలోని పల్లపు ప్రాంతానికి కోలదీవియస్ అనే మరొక ఉపజాతిని చేర్చాడు. చర్మపు రంగు వానలను బట్టీ, ప్రదేశాన్ని బట్టీ క్రమంగా మారవచ్చు. కొద్దిపాటి చర్మాలను ముందుంచుకొన్నవారికి ఆ క్రమం కనబడదు. రెండు కొనలు మాత్రమే కనబడతాయి. 2017లో పిల్లుల వర్గీకరణను సవరించిన నిపుణుల సంఘం సైతం మూడు ఉపజాతులను తాత్కాలికంగానే ఉంచింది.

వ్యాప్తి విషయంలో లోపం ఇంకా పెద్దది. మ్యూజియంలోని చర్మం మీద ఒక ఊరి పేరు ఉంటుంది. అది జంతువు దొరికిన చోటు. జంతువు నివసించే సీమ అంతా అదే అనుకోవడం తప్పు. జెర్డన్ 1867లో ప్రచురించిన గ్రంథంలో, ఈ పిల్లి ఎండిన చెరువుల గడ్డిలోనూ, పొదలలోనూ, గ్రామాల సమీపంలోనూ తిరుగుతుందని వ్రాశాడు. అటువంటి చోట్లు మన దేశంలో ఒక మూలకే పరిమితమైనవి కావు గదా! అయినా ఇది దక్షిణ భారతానికీ శ్రీలంకకూ చెందినదనే మాట చిరకాలం నిలిచింది. ఒక గ్రంథంలోని హద్దు మరొక గ్రంథంలోకి ఎక్కడం సులభం. రాత్రిపూట పొదలు వెదకడం కష్టం.

తరువాత ఆ హద్దు క్రమంగా జరిగింది. గుజరాత్‌లోని గిర్ అడవిలో ఈ పిల్లి ఉన్నట్లు తెలిసింది. తూర్పు కోస్తాలో శ్రీహరికోటలో ఉన్నట్లు 2006లో ప్రచురితమైంది. 2012లో ఉత్తరప్రదేశ్‌లోని పీలీభీత్ అడవిలో కెమెరాకు చిక్కింది. నేపాల్ పశ్చిమ తెరాయిలో ఉన్నదని 2016లో ప్రకటించారు. పశ్చిమ మహారాష్ట్రలో పంటపొలాల మధ్యనే పిల్లలను పెంచుతున్నట్లు కూడ గమనించారు. పిల్లి హఠాత్తుగా ఇన్ని సీమలకు వలసపోయిందనడానికి ఆధారం లేదు. పెరిగినది ముఖ్యంగా మన పరిశీలన.

ఇది గ్రంథాలతో తీరిపోయే తగవు కాదు. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందంలో భారతదేశపు తుప్పుమచ్చల పిల్లి మొదటి అనుబంధంలోనూ, శ్రీలంకది రెండవదానిలోనూ ఉన్నాయి. అంటే ఎక్కడి జంతువు అనే ప్రశ్నను బట్టి దాని రక్షణ మారుతుంది. మన 1972 వన్యప్రాణి చట్టం దీనిని మొదటి షెడ్యూలులో చేర్చింది. కాని పటంలో రంగు లేని పొదలబీడును చదును చేసేటప్పుడు అక్కడ ఈ పిల్లి ఉన్నదా అని విచారించేవారెవరు?

పోకాక్‌ను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయన తన ముందున్న సాక్ష్యాన్ని శ్రద్ధగా చదివాడు. నేటి కెమెరాలకూ అటువంటి పరిమితే ఉన్నది. వాటిలో చాలా భాగం పులులను లెక్కించడానికి అభయారణ్యాలలో అమర్చినవి. ఊరిచెరువు గట్టున, మెట్టపొలం అంచున అవి అరుదు. కనుక ఉపాధ్యాయులు తరగతిలో వ్యాప్తిపటం గీయించేటప్పుడు రెండుకు బదులు మూడు రంగులు వాడించడం మంచిది: జంతువు కనబడిన చోటుకు ఒకటి, వెదకినా కనబడని చోటుకు ఒకటి, ఇంతవరకు ఎవరూ వెదకని చోటుకు మరొకటి. అప్పుడు విద్యార్థి ఏ ప్రదేశంలో ఇంకా పని మిగిలి ఉన్నదో తానే చూడగలుగుతాడు.