కనకరాజు వదిలి వెళ్లిన పాఠం

మర్లవాయి కనకరాజు 2024 అక్టోబర్ 25న కన్నుమూశారు. అప్పటికి దీపావళి ఇంకా ఆరు రోజులే ఉంది. గోండు గూడేల్లో దండారి సాగే రోజులవి. ఊరూరా గజ్జెలు మోగే వేళలోనే ‘గుస్సాడీ రాజు’ వెళ్లిపోయారు.

ఆయనను అందరూ ‘పద్మశ్రీ గుస్సాడీ నృత్య కళాకారుడు’ అన్నారు. అందులో అబద్ధం లేదు. 2021లో ఆ పురస్కారం ప్రకటించినప్పుడు మనమూ సంబరపడ్డాం. కానీ ‘నృత్యం’ అనే ఒక్క మాటలో గుస్సాడీ ఇమడదు. అందుకే ఆయనను తలుచుకునేటప్పుడు ఆయన కళ ఏమిటో కూడా మాట్లాడుకోవాలి.

గుస్సాడీ వేషం కాదు, దీక్ష. ఏత్మాసూర్ దేవతకు పూజ చేశాకే నెమలి ఈకల టోపీ తలకెక్కుతుంది. ఒంటికి బూడిద, మెడలో పూసల దండలు, భుజాన జంతుచర్మం, చేతిలో కర్ర. దీక్ష ఉన్నన్నాళ్లు స్నానం ఉండదు. అతను ఆ రోజుల్లో మన ఇంటి పిల్లవాడు కాదు, దేవుడి మనిషి. పెద్దలు కూడా అతనికి మొక్కుతారు. దండారి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి విడిదికి పోతుంది. అక్కడ భోజనాలు, పలకరింపులు, పెళ్లి మాటలు నడుస్తాయి. చివరికి కొలబొడితో దీక్ష విరమిస్తారు.

ఇంత పెద్ద వ్యవహారాన్ని వేదిక కొన్ని నిమిషాలకు కుదించింది. నెమలి ఈకల టోపీ ఫొటోలో బాగా పడుతుంది కాబట్టి అదే మిగిలింది. ఆడవేషం కట్టే పోరిక్‌లు, కోలలు పట్టి చచ్చోయి ఆడే కుర్రాళ్లు, పెప్రె ఊదేవాళ్లు, తుడుం కొట్టేవాళ్లు వెనక్కి పోయారు. ఈ నష్టం నిజమే. అయితే ఆ వేదిక ఎక్కకపోతే బయటి లోకానికి మన పేరు కూడా తెలిసేది కాదు. కనకరాజు ఢిల్లీ దాకా వెళ్లి ఆడారు, యువకులకు నేర్పారు. ఆయన ఊరు మాత్రం మర్లవాయే. పురస్కారం పొందిన చేయీ, ఏత్మాసూర్‌కు మొక్కిన చేయీ ఒకటే. ఆయన గొప్పతనం మాకు అక్కడ కనిపిస్తుంది.

ఇక మన సంగతి. మేము పంతుళ్లం. బడి వార్షికోత్సవం వస్తే పిల్లలకు అట్టముక్కలతో టోపీలు చేయించి, సెల్‌ఫోన్లో పాట పెట్టి ‘గుస్సాడీ’ ఆడిస్తాం. వచ్చిన అధికారులు చప్పట్లు కొడతారు. ఒకసారి ఆట అయ్యాక ఒక పిల్లవాడు “సార్, ఆ పాటలో ఏమంటున్నరు?” అని అడిగాడు. వాడు గోండు పిల్లవాడే. వాడికి గోండీ రాకుండా చేసింది మా బడే. ఆ రోజు మేము తల దించుకున్నాం.

ఇది కనకరాజు ఊరికి తెలియని సంగతి కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక హైమన్‌డార్ఫ్ ఈ ప్రాంతానికి వచ్చి మర్లవాయిలో ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. అంటే మన భాషలో చదువు చెప్పవచ్చని ఎనభై ఏళ్ల కిందటే ఆ ఊరు చూపించింది. మనమే దాన్ని కొనసాగించలేకపోయాం.

కనకరాజు ఫొటోకు దండ వేయడం తేలిక. అంతకన్నా పని ఉంది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈసారి దండారికి ఊళ్లో ఉండండి. పెప్రె ఊదే తాత పక్కన కూర్చుని ఒక్క వరుసైనా నేర్చుకోండి. పాట అర్థం అడిగి నోటుబుక్కులో రాసుకోండి. సార్లూ, టీచరమ్మలూ, ఆ పెద్దలను బడికి పిలిచి, కుర్చీ వేసి, పాఠం చెప్పించండి. బడిలో ఆట ఆడిస్తే ఇది ఆట మాత్రమే, దీక్ష ఊళ్లో ఉంటుందని పిల్లలకు చెప్పండి.

టోపీ ఎవరైనా పెట్టుకోవచ్చు. దాని కింద మన మాట బతికి ఉంటేనే అది గుస్సాడీ.