పచ్చ డబ్బాకు బదులు

కోఠి గుజరాతీ గల్లీలో ఏ కొట్టుకెళ్లి 4558 ఐసీ కావాలన్నా ‘ఎన్ని?’ అంటారు తప్ప ‘అదేంటి?’ అనరు. మన దగ్గర బిగించే యాంప్లిఫయర్ల బాస్-ట్రెబుల్ బోర్డుల్లో తరచూ కనిపించే చిప్పు అది. ఎనిమిది కాళ్ల నల్లముక్క, ఖరీదు కప్పు చాయ్‌కి అటూ ఇటూ. వినాయక చవితి పందిట్లో పాటలు మోగించే డబ్బాలోనూ అదే, దేశదేశాల గిటారిస్టులు కళ్లకద్దుకునే ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ పెడల్‌లోనూ అదే. అయినా పాతకాలం ట్యూబ్ స్క్రీమర్ ఎక్కడైనా ఉందంటే నెల జీతం పోయడానికి వెనకాడనివాళ్లు ఉన్నారు.

నా దగ్గర ఒకటుంది. ఎనభైల నాటి టీఎస్9, ఆకుపచ్చ డబ్బా. మా బాబాయి సింగపూర్ నుంచి వస్తూ బట్టల మడతల్లో పెట్టి తెచ్చాడు. ఆ రోజుల్లో ఇలాంటివి మన ఊరికి చేరే దారి దాదాపు అదొక్కటే. ఇప్పుడు నాబ్ తిప్పితే గరగరమంటుంది, జాక్ వదులైంది, స్విచ్ బుద్ధిపుడితే పలుకుతుంది, లేకుంటే మొండికేస్తుంది. బాగుచేయించొచ్చు, చేయిస్తాను కూడా. కానీ సోలో మొదలయ్యే క్షణంలో కాలితో నొక్కితే పలకని పెట్టెను నమ్ముకుని స్టేజి ఎక్కలేం కదా. దాని పని చేసే కొత్తది కావాలి. అలా వెతుకుతూ పోతే, అసలు దాని పనేంటో తేల్చుకోవడమే పెద్ద పనయింది.

గిటారు గొంతు బొంగురు చేయడమే దాని పని అని అందరూ అనుకుంటారు. ఆ పని చేసే పెట్టెలు పంజాగుట్టలోనే డజన్లకొద్దీ దొరుకుతాయి. ఈ పచ్చ డబ్బా లోపల జరిగేది కాస్త వేరు. గిటారు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను 4558 పెంచుతుంది. పెంచే దారిలోనే రెండు డయోడ్లు ఎదురెదురుగా కూర్చుని, కెరటం ఒక ఎత్తు దాటగానే దాని తల నొక్కేస్తాయి. ఠక్కున కోసేయవు, అదిమిపెడతాయి. అందుకే ఆ బొంగురులో మెత్తదనం. తీగ మీటిన అసలు సిగ్నల్ కూడా దాంతోపాటే బయటికొస్తుంది కాబట్టి వేలి బరువు తెలుస్తూనే ఉంటుంది. ఇంతవరకూ గిటారు పట్టుకున్న ప్రతివాడూ చెప్పేదే.

ఎవరి కంటా పెద్దగా పడనిది 4.7 కిలో ఓముల రెసిస్టరు, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటరు జత. ఈ రెండూ కలిసి సుమారు 720 హెర్ట్‌జ్ దగ్గర ఒక గీత గీస్తాయి. ఆ గీత నుంచి కిందికి దిగేకొద్దీ స్వరాలు తక్కువగా పెరుగుతాయి, తక్కువగా బొంగురుపోతాయి. గిటారులో అన్నిటికన్నా లావు తీగ 82 హెర్ట్‌జ్ దగ్గర పలుకుతుంది, అంటే దాని అడుగు మోతకు వచ్చే వాటా చాలా చిన్నది. వెనకాలే ఉన్న టోన్ సర్క్యూట్ పై కీచుదనాన్ని దించుతుంది. కిందా పైనా తగ్గితే మిగిలేది నడుమ. ట్యూబ్ స్క్రీమర్ పనంతా ఆ నడుములోనే.

ఇంట్లో ఒక్కణ్నే కూర్చుని వింటే ఈ శబ్దం ముక్కుతో పాడినట్టే ఉంటుంది, అందులో మొహమాటం లేదు. బ్యాండుతో కలిశాక సంగతి మారుతుంది. పెళ్లి ఊరేగింపులో డోళ్లు ఎంత మోగినా సన్నాయి వినపడటానికి, ఊదేవాడి దమ్ముతో పాటు డోలు లేని చోట సన్నాయి ఉండటం కూడా కారణం. బేస్ గిటారు, కిక్ డ్రమ్, కీబోర్డు ఎడమచెయ్యి కలిసి కింది భాగాన్ని ఆక్రమించేస్తాయి. పైన సింబల్స్, ప్యాడ్స్. గిటారుకు మిగిలే సందు ఎక్కడుందో, ఈ పెడల్ సరిగ్గా అక్కడికి దాన్ని నెడుతుంది.

మా తరంలో చాలామందికి బొంగురు గిటారు సినిమాపాటల్లోనే పరిచయం. 1999లో ‘తమ్ముడు’ వచ్చినప్పుడు రమణ గోగుల పాటలు విని గిటార్ క్లాసుల్లో చేరినవాళ్లు నాకు తెలుసు. అయితే రికార్డింగులో గిటారుకు చోటు చేసిపెట్టడానికి మిక్సింగ్ ఇంజినీర్ ఉంటాడు. పబ్బులో, కాలేజీ ఫెస్టులో ఆ ఓపిక ఎవరికీ ఉండదు. మన చోటు మనమే చూసుకోవాలి.

పంజాగుట్టలో ఒక వాద్యాల కొట్టుంది. అద్దాల గదిలో కూర్చోబెట్టి ఎన్ని పెడళ్లయినా తగిలించి చూడనిస్తారు. ఈమధ్య ‘ట్రాన్స్‌పరెంట్’ అని పేరు పెట్టి అమ్మే ఓవర్‌డ్రైవ్‌లు ఎక్కువయ్యాయి. అవి కింది స్వరాల జోలికి పోవు, గిటారు సహజ గుణాన్ని చెడగొట్టవని వాటి గొప్ప. ఆ గదిలో మీటితే నిజంగా ఒళ్లు పులకరిస్తుంది. నిండుగా, వెడల్పుగా, గది నిండిపోయేలా. అరువు తెచ్చుకుని అమీర్‌పేటలో మా ప్రాక్టీసు గదికి పట్టుకెళ్లాను. మైత్రీవనం వెనక సందులో, కోచింగ్ సెంటర్ పైన మూడో అంతస్తు. కింద క్లాసులు అయిపోయాకే డ్రమ్స్ మీద కర్ర పడాలని ఒప్పందం. రెండో పాట మధ్యలో మా బేస్ తమ్ముడు ఆపి, ‘అన్నా, నువ్వు వాయిస్తున్నవా అసలు?’ అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. కొట్లో గది నింపిన ఆ నిండుదనమంతా అతని తీగల కింద కలిసిపోయింది. పెడల్‌ను ఒంటరిగా విని కొనకూడదని నేను గట్టిగా అనేది ఇందుకే.

పాతదాని మీద వ్యామోహం ఉన్నవాళ్లు చిప్పు గురించి చెప్పేదీ నాకు ఎక్కదు. జపాన్ కంపెనీ జేఆర్‌సీ చేసిన 4558 ఉంటేనే అసలు సిసలు అంటారు. ఎనభైల్లోనే కొన్ని టీఎస్9లలో తోషిబా చిప్పులు వేశారు. జేఆర్‌సీ 2022లో నిషిన్‌బో మైక్రో డివైసెస్‌గా పేరు మార్చుకుంది. సుసుము తమురా డిజైన్ చేయగా మ్యాక్సన్ వాళ్లు ఐబనెజ్ కోసం తయారుచేసిన తొలి టీఎస్808కూ, తర్వాతి టీఎస్9కూ సర్క్యూట్‌లో ముఖ్యమైన తేడా చివర్లో ఉండే రెండు రెసిస్టర్లు. టీఎస్9 తొంభైల మొదట్లోనే మళ్లీ తయారీకొచ్చింది, టీఎస్808 2004లో వచ్చింది. అవేమీ రహస్య విద్యలు కావు.

మనకు అసలు తేడా వచ్చేది యాంపు దగ్గర. టెక్సస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ ఈ పెడల్‌కు పేరు తెచ్చాడు. ఆయన ముందున్నవి ట్యూబ్ యాంపులు. బొంగురు పెంచే డ్రైవ్ నాబ్ తక్కువ, మోత పెంచే లెవెల్ నాబ్ ఎక్కువ పెట్టి యాంపును తోస్తే, ఆ ట్యూబులే అందంగా బొంగురుపోతాయి. పెడల్ చేసేది ఎగదోయడం. అమీర్‌పేట ప్రాక్టీసు గదుల్లో నేను చూసినవి చాలావరకు ట్రాన్సిస్టర్ యాంపులే. వాటిని అలా తోస్తే గీరుకుపోతాయి. ఇంకా వెనక్కి వెళ్తే, అహుజా యాంప్లిఫయర్‌కు గిటారు తగిలించి హారన్లలో విన్న రోజులున్నాయి. గిటారు స్పీకర్ ఐదు వేల హెర్ట్‌జ్ దాటాక వేగంగా మందగిస్తుంది. హారన్ మందగించదు, బొంగురులోని ప్రతి ముల్లూ చెవిలో దిగుతుంది. కాబట్టి టెక్సస్‌లో పనికొచ్చిన నాబ్‌ల అమరిక ఇక్కడ పనికిరాదు. ఇక్కడ డ్రైవ్ పెంచాలి, లెవెల్ ఒద్దికగా ఉంచాలి, బొంగురు మొత్తం పెడలే మోయాలి.

మా కీబోర్డు కుర్రాడిది ఇంకో దారి. కింద జావా, డాట్‌నెట్ బోర్డులు పోయి జెన్ ఏఐ బోర్డులు వచ్చిన వీధిలో ఉంటాడు మరి. ‘అన్నా, పాతదాన్ని క్యాప్చర్ చేసేద్దాం’ అని న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నా టీఎస్9ను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. మాదిరి సిగ్నల్ పంపి, పెడల్ తిరిగి ఇచ్చింది రికార్డు చేసి, తేడా చూసి నేర్చుకుంటుంది. కళ్లు మూసుకుని వింటే నేను పోల్చలేకపోయాను. చిక్కల్లా, క్యాప్చర్ చేసినప్పుడు నాబ్‌లు ఎక్కడున్నాయో శబ్దం అక్కడే ఆగిపోతుంది. పాట పాటకూ డ్రైవ్ మార్చే అలవాటున్నవాడికి ఆ ఒక్కటీ చాలదు. ఇంట్లో రికార్డింగుకు మాత్రం అదే వాడుతున్నాను.

చివరికి కొన్నది బాస్ కంపెనీ ఎస్‌డీ-1, పసుపు డబ్బా. 1981లో వచ్చింది, ఈరోజుకూ తయారవుతూనే ఉంది. డయోడ్లు ఒక వైపు రెండు, ఒక వైపు ఒకటి కాబట్టి కెరటాన్ని రెండు వైపులా సమానంగా నొక్కదు. బొంగురు కాస్త పదునుగా ఉంటుంది, టోన్ సగానికి దించితే సర్దుకుంటుంది. కింది స్వరాల కోత మాత్రం దాదాపు పచ్చదానిలాంటిదే, నాకు కావలసిందీ అదే. కొత్త టీఎస్9 కొనొచ్చు కదా అన్నారు. అదే రంగు, అదే ఆకారం కాళ్ల దగ్గర ఉంటే ప్రతి పాటకూ పాతదానితో పోల్చుకుంటూ వాయిస్తాను. పసుపుదానితో ఆ బాధ లేదు. బేస్ తమ్ముడు ఈసారి ఏమీ అడగలేదు.

అడాప్టరు విడిగా కొనాల్సి వచ్చింది. అమీర్‌పేటలో ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టు కిట్లు అమ్మే కొట్లలో 9 వోల్టులవి దొరుకుతాయి, పిన్ను కూడా చక్కగా పడుతుంది. అయితే వాటిలో ఎక్కువ భాగం ఇంట్లో వైఫై రౌటర్లవిలాగా పిన్ను మధ్యలో ప్లస్ ఉన్నవి. ఈ పెడల్‌కు మధ్యలో మైనస్ కావాలి. అడాప్టరు వెనక చిన్న బొమ్మ ఉంటుంది, నడిమి చుక్కకు ఏ గుర్తు కలిపారో చూసుకుని తీసుకోండి. కొట్టతన్ని అడిగితే ‘అన్నీ ఒకటే సార్’ అంటాడు. ఒకటి కాదు.