ఊచల అవతలి గది

గోడల పొడవునా పుస్తకాల బీరువాలున్న పెద్ద గ్రంథాలయం. ఒక చోట ఇనుప ఊచలు అడ్డం. సందుల్లోంచి అవతలి దారి కనబడుతూనే ఉంది. మా మేనల్లుడు బొటనవేలు అరిగిపోయేలా ఫోన్ తెర నొక్కుతూ ఆ ఊచల్ని కత్తితో కొడుతున్నాడు.

"మామయ్యా, ఇది పగలదా?"

"పగలదురా. ఎక్కడుందో చూసి పెట్టుకో, మళ్ళీ వద్దాం."

వాడికి ఆ మాట నచ్చలేదు. వాడు ఆడిన ఆటల్లో అడ్డం వచ్చిందల్లా కొడితే పగిలేది, లేదా డబ్బు కడితే తెరుచుకునేది. చూసి, గుర్తుపెట్టుకుని, వెనక్కి తిరిగి వెళ్ళమనే ఆట వాడికి అదే మొదటిది. పేరు 'కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ద నైట్'. 2020 మార్చిలో అది ఫోన్లలోకి వచ్చింది. అదే నెలలో మనమందరం ఇళ్ళలో చిక్కుబడిపోయాం. తలుపులు మూసుకున్న ఇంట్లో కూర్చుని, తలుపులు మూసి ఉన్న కోటలో ఇద్దరం తిరిగాం.

అసలు ఆట మాత్రం పాతది. జపాన్‌లో కొనామి సంస్థ 1986లో 'అకుమాజో డ్రాక్యులా' పేరుతో ఈ వరస మొదలుపెట్టింది. దెయ్యాల కోట డ్రాక్యులా అని అర్థం. కొరడా పట్టిన బెల్మాంట్ వంశం వీరుడు ఒక్కో అంకం దాటుకుంటూ వెళ్ళి చివర్లో డ్రాక్యులాను చంపుతాడు. ఆ కాలపు కాసిల్‌వేనియాలు చాలావరకు అంతే. చెయ్యి తిరిగినవాడు ఒక్క పూటలో ముగించి పక్కన పెట్టేస్తాడు. చెయ్యి తిరగనివాడు రెండో అంకంలోనే ఆగిపోతాడు. 1997 మార్చి 20న ప్లేస్టేషన్ మీద 'సింఫనీ' వచ్చేసరికి ఈ లెక్క మారింది. తోరు హగిహారా దర్శకత్వంలో, కోజి ఇగరాషి సహాయ దర్శకుడిగా, కథా రచయితల్లో ఒకరిగా పనిచేసిన బృందం అంకాలను తీసేసి, కోటంతా ఒకే ముక్కగా కట్టింది. ఆటగాడు ఎక్కడికైనా వెళ్ళొచ్చు, వెళ్ళగలిగితే. నింటెండో వారి 'జెల్డా' ఆటల మీద ఇష్టమే తమను ఇటు నడిపించిందని ఇగరాషి చెప్పుకున్నారు. ఇలాంటి కట్టడాన్ని అప్పటికే 'మెట్రాయిడ్' చూపించి ఉంది. అందుకే ఆటగాళ్ళు రెండు పేర్లూ కలిపి ఈ జాతి ఆటలకు 'మెట్రాయిడ్‌వేనియా' అని పేరు పెట్టుకున్నారు.

గోథిక్ కథలకూ ఈ కట్టడానికీ ఉన్న చుట్టరికం పైపై అలంకారం అనుకోను. 1764లో హొరేస్ వాల్పోల్ రాసిన 'ద కాసిల్ ఆఫ్ ఒట్రాంటో' నుంచీ ఆ సాహిత్యంలో కోటే ముఖ్య పాత్ర. 1897 నాటి బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా'లో జోనథన్ హార్కర్‌ను మొదట భయపెట్టేది కోరలు కావు, తలుపులు. ఏ తలుపు తోసినా తాళం. తాను అతిథి కాదు, ఖైదీ అని అతనికి తెలిసేది అక్కడే. స్టోకర్ నవలకు సరిగ్గా వందేళ్ళ ముందు, 1797లో జరిగే ఈ ఆట ఆ తాళాన్నే తీసుకుని ఆటగా మలిచింది.

కథానాయకుడు అలుకార్డ్. డ్రాక్యులా పేరును ఇంగ్లిష్‌లో వెనకనుంచి చదివితే వచ్చే పేరు. డ్రాక్యులాకూ లీసా అనే మానవ స్త్రీకీ పుట్టిన కొడుకు. తండ్రిని ఆపడానికి తండ్రి కోటలోకే వస్తాడు. మొదటి నిమిషాల్లో అతని చేతిలో గొప్ప కత్తి, డాలు, కవచం ఉంటాయి. ఎదురొచ్చినదల్లా ఒక్క వేటుకు కూలుతుంది. కాస్త లోపలికి వెళ్ళగానే మృత్యువు ఎదురై అవన్నీ లాగేసుకుంటుంది. ఇక వట్టి చేతులు. అంతకుముందు ఒక్క దెబ్బకు చచ్చిన రకం జీవాలే ఇప్పుడు చెమటలు పట్టిస్తాయి. బలం రుచి ఒకసారి చూపించి లాక్కోవడం వల్ల, ఆ తర్వాత దొరికే ప్రతి తుప్పు కత్తికీ విలువ వస్తుంది. పోగొట్టుకున్న ఆ సామగ్రి చాలా చివర్లో మళ్ళీ దొరుకుతుంది. దాన్ని తిరిగి తొడిగిన క్షణం నాకింకా గుర్తు.

కత్తులూ కవచాలూ ఒక ఎత్తు. దారులు తెరిచేవి మాత్రం రెలిక్‌లు, మన జానపద కథల్లోని మహిమగల వస్తువుల్లాంటివి. లీప్ స్టోన్ దొరికితే గాలిలో రెండోసారి ఎగరొచ్చు. ఇంకోటి తోడేలు రూపం ఇస్తుంది. ఇంకోటి పొగమంచు. మొదట్లో ఆ పొగరూపం క్షణాలే నిలుస్తుంది గానీ ఊచల సందుల్లోంచి దూరడానికి అది చాలు. మా వాడు కొట్టీ కొట్టీ వదిలేసిన ఊచలు అలాంటివే. వాటి అవతల దాచిపెట్టింది గబ్బిలం రూపం. గబ్బిలమైతే ఎగరొచ్చు. ఎగరగలిగితే కోటలోని ఓల్‌రాక్స్ మందిరాల వైపు 'ఎకో ఆఫ్ బ్యాట్' అందుతుంది. అది గబ్బిలం కూత, చీకట్లో కూత పెడితే చుట్టూ ఏముందో ఒక్క క్షణం మెరిసి కనబడుతుంది. ఆ కూత లేకుండా భూగర్భ సమాధుల్లోని ఒక చీకటి దారి దాటడం నరకం, ఎటు తగిలినా ఇనుప ముళ్ళే. కూత పెట్టుకుంటూ, ఆ వెలుగులో చూసినంత మేర మాత్రమే ఎగురుతూ దాటితే అవతల ముళ్ళను తొక్కి పిండి చేసే కవచం ఉంటుంది. దాన్ని తొడుక్కుని ప్రార్థనాలయానికి తిరిగి వెళ్తే, ఎప్పుడో ముళ్ళు చూసి వెనుదిరిగిన నడవా చివర వెండి ఉంగరం.

ఈ గొలుసును కావాలనే పూర్తిగా చెప్పాను. ఇందులో 'ఇప్పుడు అక్కడికి వెళ్ళు' అని బాణం గుర్తు పెట్టి చూపించేవాళ్ళెవరూ లేరు. కవచం దొరికిన క్షణంలో ప్రార్థనాలయపు ముళ్ళు మీ మనసులో మెదలాలి. మెదిలితేనే దారి ఉన్నట్టు. ఆట మ్యాప్ మీద తిరిగిన గదులను గడులుగా గీసి చూపిస్తుందే తప్ప, ఏ గదిలో ఏం వదిలేసి వచ్చారో రాసిపెట్టదు. ఆ చిట్టా ఆటగాడి బుర్రలో ఉండాలి.

మిచిరు యమానే సంగీతం కూడా ఈ జ్ఞాపకానికి సాయపడుతుంది. గ్రంథాలయంలో హార్ప్సికార్డ్ మోగుతుంది, కోట మొదట్లో గిటార్లు హోరెత్తుతాయి. కళ్ళు మూసుకున్నా ఎక్కడున్నారో తెలుస్తుంది.

దారులు గుర్తుండటం ఒక్కటే అయితే ఇది పొడుపుకథ అయ్యుండేది. చేతికి దొరికే సుఖం వేరే ఉంది. అలుకార్డ్‌కు మొదటినుంచీ ఉండే విద్య ఒకటి: ఒక్క బటన్ నొక్కితే, ముఖం శత్రువు వైపే ఉంచి, చటుక్కున వెనక్కి జారతాడు. వెనకాల అంగీ రెపరెపలాడుతుంది, నీడలు సాగుతాయి. ముందుకు అడుగు, వేటు, వెనక్కి జారుడు, శత్రువు గొడ్డలి ఖాళీ నేలను తాకడం, మళ్ళీ అడుగు. ఈ నాలుగు మాత్రల లయ పట్టుబడ్డాక పోరాటం నడకలా సాగిపోతుంది. నడక కంటే ఈ జారుడే వేగమని ఆటగాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. జారుతున్నవాణ్ణి మధ్యలో తుంచి మళ్ళీ జార్చుతూ, కోటంతా వీపు ముందుపెట్టి పరుగెత్తేవాళ్ళున్నారు. 1997 అంటే అందరూ త్రీడీ మోజులో పడ్డ కాలం. ఆ రోజుల్లో ఈ బృందం పాత పద్ధతిలో చదును బొమ్మల్ని పట్టుకుని, ఒక్క అంగీ కదలిక మీద అంత శ్రద్ధ పెట్టడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

కొత్తవాళ్ళు తప్పక తడబడే చోటు హృదయాలు. కొవ్వొత్తులు పగలగొడితే ఎర్రటి హృదయాలు రాలతాయి. అవి ప్రాణం అనుకుంటాం. నిజానికి అవి తూటాల్లాంటివి. బాకు, గొడ్డలి, పవిత్ర జలం, శిలువ వంటి ఉపాయుధాలు విసరడానికి ఖర్చవుతాయి. ఒకసారికి ఒకటే ఆయుధం, కొత్తది పట్టుకుంటే పాతది కింద పడుతుంది. వాటిలో ఒకదాని పేరు చూసి మా వాడు ఆట ఆపేసి నా వైపు తిరిగాడు. విభూతి! ఆ పేరుతోనే ఉంది. చల్లితే బూడిద నేల మీద కాసేపు నిలిచి, తాకిన దెయ్యాన్ని కాలుస్తుంది. యూరప్ కోటలో, శిలువ పక్కన, మా అమ్మ రోజూ నుదుట పెట్టుకునే విభూతి. దాన్ని ఆట మధ్యలోకి తెచ్చిన జపాన్ మనిషెవరో తెలిస్తే చేతులు జోడించేవాణ్ణి.

సమాచారం కూడా ఇక్కడ ఊరికే రాదు. మీ దెబ్బకు శత్రువుకు ఎంత నష్టమో అంకెల్లో కనబడాలంటే ఒక రెలిక్ కావాలి. ఎదుటి జీవం పేరేమిటో తెలియాలంటే ఇంకొకటి. అవి దొరికేదాకా పేరు తెలియనిదానితో, దెబ్బ ఎంత తగిలిందో తెలియకుండా కొట్లాడాలి.

లోపాలు లేవనను. స్థాయిలు పెరిగేకొద్దీ అలుకార్డ్ మరీ బలవంతుడైపోతాడు. క్రిసేగ్రిమ్ అనే కత్తి దొరికిందంటే నడుస్తూనే ఎదురున్నదాన్నంతా తరిగేయొచ్చు, పోరాటంలో లయ కాస్తా పోతుంది. చెయ్యి తిరగనివాళ్ళు కూడా చివరిదాకా వెళ్ళాలన్న దయ వల్ల వచ్చిన లోపం కనుక నేను దాన్ని క్షమించాను. రెండో సగంలో చాలా చోట్ల ఒకే బాణీ మోగడాన్ని మాత్రం క్షమించలేకపోయాను.

ఆ రెండో సగం సంగతి. కోట పైభాగంలో బెల్మాంట్ వంశం వీరుడే అయిన రిక్టర్ సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. అతన్ని చంపితే ఆట ముగిసిపోతుంది, పేర్లు పడిపోతాయి. అక్కడితో అయిపోయిందనుకుని తీసి పక్కన పెట్టినవాళ్ళున్నారు. కానీ వెండి ఉంగరంతో పాటు బంగారు ఉంగరం కూడా సంపాదించి, రెండూ తొడుక్కుని గడియారం గదిలో నిలబడితే నేల తెరుచుకుంటుంది. కింద మరియా అనే యువతి ఒక కళ్ళద్దం ఇస్తుంది. అది పెట్టుకుని రిక్టర్ ముందుకు వెళ్తే అతని తల పైన ఆకుపచ్చ గోళం తిరుగుతూ కనబడుతుంది. అతన్ని ఆడిస్తున్నది అదే. మనిషిని వదిలి గోళాన్ని కొట్టాలి. గోళం పగిలాక ఆకాశంలో ఇంకో కోట ప్రత్యక్షమవుతుంది, మొదటి కోటే తలకిందులుగా. ఆట చివర మ్యాప్ లెక్క నూరు శాతం దగ్గర ఆగదు, 200.6 దాకా వెళ్తుంది.

ఇగరాషి 2014లో కొనామి వదిలేశారు. ఆ మరుసటి ఏడాది అభిమానుల దగ్గరే చందాలు అడిగితే 55 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ డబ్బుతో 2019లో 'బ్లడ్‌స్టెయిన్డ్' చేశారు. 2017లో ఆస్ట్రేలియాలో ఓ చిన్న బృందం చేసిన 'హాలో నైట్' ఈ దారినే ఇంకా ముందుకు తీసుకెళ్ళింది.

మా వాడు తలకిందుల కోటలో చాలాసేపు తికమకపడ్డాడు. మెట్లు కప్పుకు వేలాడుతున్నాయి, నీళ్ళు పైన ఉన్నాయి. ఫోన్ తిప్పి చూద్దామంటే తెర కూడా తిరిగిపోతోంది. చివరికి మంచం మీద వెల్లకిలా పడుకుని, తల అంచు నుంచి కిందికి వేలాడేసి, ఫోన్ ఎదురుగా పట్టుకున్నాడు. ముఖం ఎర్రబడిపోయింది. కాసేపు చూసి అరిచాడు.

"మామయ్యా! పుస్తకాల బీరువాలు! ఇది మన ఊచల గదే!"