పడటం నేర్చినవాడు

ఆ పిల్లాడి కోటు వీపు మీద సూట్‌కేసు పిడి ఒకటి కుట్టి ఉండేది. తండ్రి జో కీటన్ ఆ పిడి పట్టుకుని వాణ్ని ఎత్తి స్టేజీ మీది తెరల మీదికి విసిరేవాడు. ఒక్కోసారి కింద వాద్యబృందం కూర్చునే చోటికీ విసిరేవాడు. తల్లి మైరా ఓ పక్కన తన మానాన సాక్సోఫోన్ వాయించుకుంటూ ఉండేది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికాలో ఊరూరా తిరిగే, పాటా ఆటా హాస్యం కలగలిసిన వాడవిల్ ప్రదర్శనల్లో ‘త్రీ కీటన్స్’ అంటే ఈ ముగ్గురే. మాట వినని కొడుకు, వాణ్ని దారిలో పెట్టబోయే తండ్రి... కథంతా అంతే. న్యూయార్క్‌లోని బాలల సంరక్షణ సంఘం ఈ ఆటను మాన్పించాలని పదే పదే ప్రయత్నించింది. వాళ్లను తప్పుపట్టలేం. పసివాణ్ని అలా విసురుతుంటే చూసి చప్పట్లు కొట్టడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు. కానీ 1895లో కాన్సాస్ రాష్ట్రంలో, పికువా అనే చిన్న ఊళ్లో పుట్టిన ఆ జోసెఫ్ ఫ్రాంక్ కీటన్ స్టేజీ మీదే ఓ విద్య పట్టాడు. ఆ విద్యతోనే బస్టర్ కీటన్‌గా సినిమా చరిత్రలో నిలిచాడు. అది పడే విద్య.

పడటానికి విద్య ఎందుకనిపిస్తుంది. కాలు జారితే ఎవరైనా పడతారు. అయితే జారగానే మనం చేసే మొదటి పని ఒళ్లు బిగబట్టడం. దెబ్బ తగిలేది అక్కడే. ఒళ్లు వదులుగా ఉంచాలి, నేల తాకే క్షణంలో చెయ్యో కాలో ముందుగా ఆనించి ఆ విసురును విరవాలి. చెప్పడానికి ఇంతే. ఒంటికి పట్టడానికి మాత్రం వందల సార్లు పడాలి. కీటన్‌కు ఊహ తెలిసేనాటికే ఇది అలవాటైపోయింది. వాడవిల్ ఆర్టిస్టులకు ఇంకో సౌకర్యం ఉండేది. ఒకే అంశాన్ని రోజూ వేర్వేరు జనం ముందు ఆడేవాళ్లు. ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వలేదో అప్పటికప్పుడే తెలిసిపోయేది. పడిన తర్వాత ఎంతసేపు ఆగి లేవాలి, లేచాక ఎటు చూడాలి అన్నవి అలా జనమే నేర్పిన లెక్కలు.

ముఖం సంగతి కూడా జనమే నేర్పారు. పడి లేచి తను నవ్వితే ప్రేక్షకులు అంతగా నవ్వడం లేదని కీటన్ చిన్నప్పుడే గ్రహించాడు. పెదవి మీద నవ్వు కనబడితే తండ్రి స్టేజీ మీదే గొంతు తగ్గించి హెచ్చరించేవాడట. ‘రాతి ముఖం’ అని తర్వాత లోకమంతా చెప్పుకున్నది అలా మొదలైంది. నన్నడిగితే ఆ పేరు అతనికి అన్యాయమే చేసింది. నవ్వు ఒక్కటి తప్ప ఆ ముఖంలో అన్నీ ఉన్నాయి. ఆ పెద్ద కళ్లలో ఆశ, అనుమానం, ‘ఇప్పుడేం చేద్దాం’ అనే ఆలోచన స్పష్టంగా కదులుతుంటాయి. అతను మన జాలి అడగడు, అంతే తేడా.

తండ్రి తాగుడు ముదిరేసరికి ఆ ఆట నిజంగానే ప్రమాదమైంది. క్షణాల లెక్క మీద నడిచే పనిలో విసిరేవాడి చెయ్యి తడబడితే పడేవాడికి ఎంత విద్య ఉన్నా లాభం లేదు. 1917లో కొడుకు విడిపోయి న్యూయార్క్ చేరాడు. అక్కడ ఓ స్టేజీ షోలో వారానికి 250 డాలర్ల వేషం సిద్ధంగా ఉంది. ఈలోగా హాస్యనటుడు రోస్కో ఆర్బకిల్ సినిమా తీస్తున్న చోటికి వెళ్లాడు. కెమెరాను చేతికిస్తే విప్పి, లోపల ఏముందో చూసి, మళ్లీ బిగించాడని చెబుతారు. వారానికి 40 డాలర్లకు సినిమాలో చేరిపోయాడు. మొదటి చిత్రం ‘ది బుచర్ బాయ్’. మధ్యలో సైన్యంలో చేరి ఫ్రాన్స్ వెళ్లొచ్చాడు, అక్కడ వినికిడి దెబ్బతింది. 1920 నాటికి నిర్మాత జోసెఫ్ షెంక్ అండతో సొంత స్టూడియో వచ్చింది.

స్టేజీ విద్య సినిమాలోకి వచ్చి ఏమైందో చూడాలంటే నవ్వించే చిన్న ఘట్టాన్ని, అంటే ఒకే ఒక్క గ్యాగ్‌ను వెంబడిస్తే చాలు. 1919లో ఆర్బకిల్‌తో చేసిన ‘బ్యాక్ స్టేజ్’లో నాటకం సెట్టు గోడ ఒకటి ముందుకు పడుతుంది. కింద ఉన్న ఆర్బకిల్ సరిగ్గా కిటికీ ఖాళీలోకి వస్తాడు గనక బతికిపోతాడు. అది గుడ్డా చెక్కా కట్టిన తేలికపాటి తెర. మరుసటి ఏడు ‘వన్ వీక్’లో అదే గ్యాగ్‌ను కీటన్ ఇంటి గోడకు మార్చాడు. ఇక 1928లో, ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో, తుపాను గాలికి నిజమైన బరువున్న ఇంటి ముందు భాగం మొత్తం అతని మీద కూలుతుంది. పై అంతస్తు కిటికీ ఒక్కటే ఖాళీ. అతని తలకూ భుజాలకూ ఆ చట్రానికీ మధ్య సందు కొన్ని అంగుళాలే. నిలబడాల్సిన చోటు కొలిచి గుర్తు పెట్టుకున్నాడు. గోడ వస్తున్నంతసేపూ కదల్లేదు, కదిలితే పనైపోతుంది. పడ్డాక దుమ్ములో నిలబడి, వెనక్కి చూసి, అప్పుడు పరుగెత్తుతాడు. ఇక్కడ డూప్ లేడు, మధ్యలో కత్తిరింపు లేదు. పడే మనిషి స్థానంలోకి పడే ఇల్లు వచ్చింది. మనిషి పని కదలకుండా ఉండటం. అది కూడా పడే విద్యలో భాగమే. ఒళ్లు బిగియకుండా నిలబడటం ఎంత కష్టమో మెట్ల మీద అడుగు తప్పిన ఎవరికైనా తెలుసు.

కీటన్ పట్టుబట్టిన నియమం ఒకటుంది. ప్రమాదకరమైన పని ఏదైనా ఒకే షాట్‌లో, మనిషి తల నుంచి పాదం దాకా కనబడేలా చూపించాలి. క్లోజప్ పెట్టి కత్తిరిస్తే చూసేవాడికి అనుమానం వస్తుంది. అనుమానం వచ్చినచోట నవ్వు రాదు. ఈ నిజాయితీయే అతని కళకు ప్రాణం అని నా నమ్మకం. మూకీల్లో మాటలు రాసి చూపే కార్డుల విషయంలోనూ అంతే. ఇతరులు వందల కార్డులు వాడే రోజుల్లో తన చిత్రాల్లో 56కు మించలేదని చెప్పుకునేవాడు. ఒంటితో చెప్పగలిగింది అక్షరంతో చెప్పడం అతనికి ఇష్టం లేదు.

‘వన్ వీక్’ ముగింపు చూడండి. కొత్త దంపతులు తామే బిగించుకున్న ఇల్లు రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. ఎదురుగా రైలు దూసుకొస్తుంటుంది. ఇద్దరూ కళ్లు మూసుకుంటారు. రైలు పక్క పట్టాల మీదుగా వెళ్లిపోతుంది! వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, మనమూ పీల్చుకుంటాం. అంతలో అవతలి వైపు నుంచి ఇంకో రైలు వచ్చి ఇంటిని తుక్కు చేసేస్తుంది. చూసేవాడు ఏం ఊహిస్తున్నాడో తెలిసి, ఆ ఊహను ఒకసారి తప్పించి, వాడు ఆదమరిచాక నిజం చేయడం. వాడవిల్ జనం ముందు వేల సార్లు నిలబడినవాడికి తప్ప ఈ లెక్క కుదరదు.

లెక్క అన్నది ఊరికే అనడం లేదు. ‘షెర్లాక్ జూనియర్’లో (1924) నిద్రపోయిన సినిమా ఆపరేటర్ కలలో తెరలోకి నడిచిపోతాడు. తెర మీద దృశ్యం మారిపోతుంటుంది, అతను మాత్రం ఉన్నచోటే ఉంటాడు. తోటలో కూర్చోబోతే వీధి వస్తుంది, సముద్రంలోకి దూకితే మంచులో పడతాడు. దీనికోసం భూములు కొలిచే సర్వే పరికరాలు తెచ్చి, కెమెరాకూ అతనికీ దూరం వెంట్రుకవాసి తేడా రాకుండా కొలుచుకున్నారు. అదే చిత్రంలో కీటన్ నీళ్ల ట్యాంకు గొట్టం నుంచి పడిన నీటి ధాటికి పట్టాల మీద పడ్డాడు. మెడ ఎముక విరిగిందని ఏళ్ల తర్వాత ఎక్స్‌రే తీస్తే గానీ తెలియలేదు.

అతని చిత్రాల్లో నాకు అన్నిటికన్నా పెద్దది ‘ది జనరల్’ (1926). అందులో ప్రేయసి కాదన్న దిగులుతో ఇంజన్ చక్రాలను కలిపే ఇనప కడ్డీ మీద కూలబడతాడు హీరో. ఇంజన్ కదులుతుంది. కడ్డీతో పాటు అతను మెల్లగా పైకి, కిందికి, మళ్లీ పైకి. దిగులులో అది కూడా గమనించడు. చక్రం ఒక్కసారి గిర్రున జారితే మనిషి దక్కడు. చూడ్డానికి మాత్రం ఎంత నెమ్మదైన దృశ్యమో! ఆ చిత్రం కోసమే ఆరెగాన్‌లో కాటేజ్ గ్రోవ్ దగ్గర నిజం రైలింజన్‌ను కాలుతున్న వంతెన మీద నుంచి నదిలో పడేశారు. ఇంత మెచ్చుకుంటూనే ఒకటి చెప్పాలి. అమెరికా అంతర్యుద్ధం మీద తీసిన ఈ చిత్రంలో హీరో బానిసత్వాన్ని నిలబెట్టాలని పోరాడిన దక్షిణాది పక్షం. బానిసల ఊసే లేదు. అతని మరో చిత్రం ‘ది ప్లేహౌస్’లో నల్లజాతివాళ్లను గేలిచేస్తూ ముఖానికి నల్లరంగు పూసుకునే వేషాలున్నాయి. వాడవిల్ ఇచ్చిన విద్యతో పాటు దాని మచ్చ కూడా వచ్చింది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేం.

1928లో సొంత స్టూడియో వదిలి పెద్ద స్టూడియో అయిన ఎమ్‌జీఎమ్‌లో చేరాడు. వద్దని తోటి హాస్యనటులు చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ చెప్పినా వినలేదు. జీవితంలో చేసిన అతి పెద్ద పొరపాటు అదేనని తర్వాత వాపోయాడు. అప్పటిదాకా అతని దగ్గర స్క్రిప్టు ఉండేది కాదు. మొదలూ ముగింపూ దొరికితే మధ్య భాగం దానంతటదే వచ్చేది. ఏమీ తట్టకపోతే జట్టంతా కలిసి బేస్‌బాల్ ఆడేవారు. కొత్త చోట ప్రతి కదలికా ముందే కాగితం మీద ఉండాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి. టాకీలు వచ్చాక చేతికి డైలాగులిచ్చారు. తాగుడు పెరిగింది, 1932లో విడాకులయ్యాయి, మరుసటి ఏడు ఉద్యోగం పోయింది. టాకీలు అతన్ని ముంచాయని చాలామంది రాస్తారు. నేనైతే అనను. పనిచేసే పద్ధతిని లాక్కున్నది స్టూడియో.

అతను నిలదొక్కుకోవడానికి దారి చూపింది మళ్లీ పాత విద్యే. 1940లో నర్తకి ఎలినార్ నోరిస్‌ను పెళ్లాడాడు. ఇతరుల సినిమాలకు గ్యాగులు అల్లి ఇచ్చాడు. 1947లో పారిస్‌లోని మెడ్రానో సర్కస్‌లో, గుండ్రటి బరి చుట్టూ కూర్చున్న జనం మధ్య, మళ్లీ పడి లేచాడు. 1929 నాటి ‘స్పైట్ మ్యారేజ్’లో తాగి ఒళ్లు తెలియని పెళ్లికూతుర్ని మంచం మీద పడుకోబెట్టే ఘట్టం ఉంటుంది. దాన్ని ఎలినార్‌తో కలిసి స్టేజీ మీద ఆడేవాడు. ఆమె ఒళ్లు పూర్తిగా వదిలేయాలి, అతను ఆ బరువంతా మోయాలి. ఒకప్పుడు తండ్రి చేతిలో తను ఉన్నట్టే.

1949లో విమర్శకుడు జేమ్స్ ఏజీ ‘లైఫ్’ పత్రికలో మూకీ హాస్యం గురించి రాసిన పెద్ద వ్యాసంతో జనం చూపు మళ్లీ ఇటు తిరిగింది. 1960లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. 1965లో శామ్యూల్ బెకెట్ రాసిన ‘ఫిల్మ్’లో దాదాపు చిత్రమంతా ముఖం కనబడకుండా, వీపుతోనే నటించాడు. 1966 ఫిబ్రవరి 1న ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయాడు. ఆ విద్య పోలేదు. మనవాళ్లకు బాగా తెలిసిన జాకీ చాన్ 1987లో ‘ప్రాజెక్ట్ ఎ’ రెండో భాగంలో అదే పడే గోడ కింద నిలబడ్డాడు.

ఫోన్లలో ఇప్పుడు ఆ గోడ దృశ్యం ఒక్కటే ముక్కగా తిరుగుతోంది. అలా చూడొద్దని నా మనవి. ముందు ‘వన్ వీక్’ చూడండి, అరగంట కూడా పట్టదు, పక్కన పిల్లలుంటే మరీ మంచిది. ఆ తర్వాత ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ మొదటి నుంచి చూడండి. గాలి ఎప్పుడు మొదలైందో, ఊరు ఎలా ఊగిందో, ఆ మనిషి ఆసుపత్రి మంచం మీద ఎలా కొట్టుకొచ్చాడో చూస్తే గానీ గోడ ముందు ఆ నిలబడటం వెనక ఎంత పని ఉందో తెలియదు.