హత్య జరిగిన ఇంట్లో ఇరవై రోజులు

కూతురు హత్యకు గురైన ఇంట్లో మర్నాడు ఏం జరుగుతుంది? చాలా నేర కథలకు ఈ ప్రశ్నతో పనిలేదు. శవం దొరగ్గానే కెమెరా పోలీసుల వెంట పడుతుంది, తల్లిదండ్రులకు ఒక ఏడుపు సీను దక్కుతుంది. డెన్మార్క్ ప్రజా ప్రసార సంస్థ డీఆర్ 2007లో మొదలుపెట్టిన 'ద కిల్లింగ్' మాత్రం ఆ ఇల్లు వదిలి వెళ్లదు.

నీళ్లలోంచి తీసిన కారు డిక్కీలో పంతొమ్మిదేళ్ల నన్నా మృతదేహం ఉంటుంది. ఆ కారు కోపెన్‌హాగన్ మేయర్ పదవికి పోటీచేస్తున్న నాయకుడి ప్రచార బృందానిది. అక్కణ్ణుంచి కథ మూడు చోట్ల నడుస్తుంది: పోలీసు కార్యాలయం, నగర పాలక భవనం, నన్నా ఇల్లు. మొదటి సీజన్‌లో 20 భాగాలు, ఒక్కో భాగం దర్యాప్తులో ఒక్కో రోజు. తండ్రి టైస్ ఇళ్లు మారేవాళ్ల సామాన్లు చేరవేసే వ్యాపారం చేస్తుంటాడు. దుఃఖంలో ఉన్నా లారీలు కదలాలి, చిన్న కొడుకులిద్దరికీ అక్క ఇక రాదని చెప్పాలి, అంత్యక్రియలు జరపాలి. దర్యాప్తులో బయటపడే ప్రతి కొత్త సంగతీ ఆ వంటగదిలోకి వచ్చి పడుతుంది. తల్లి పెర్నిల్లే మాటలు తగ్గేకొద్దీ మనకు ఊపిరాడదు. టీవీ తెరమీద శోకానికి ఇంత సమయం, ఇంత మర్యాద ఇచ్చిన కథ నాకు మరొకటి తెలియదు.

ఇది ఒక్క రచయిత అదృష్టం వల్ల కుదిరింది కాదు. డీఆర్ నాటక విభాగం 1990ల చివర్లో అమెరికా స్టూడియోల పని తీరును గమనించి, తనకంటూ కొన్ని కట్టుబాట్లు రాసుకుంది. అందులో మొదటిది, కథ రచయితది. నిర్మాత, దర్శకుడు, ఛానల్ అందరూ అతని ఊహకే కట్టుబడాలి. రెండోది, ప్రతి ధారావాహికలోనూ రెండు పొరలుండాలి. పైన ఆసక్తిగా సాగే కథ, దాని అడుగున సమాజాన్ని నిలదీసే నైతిక ప్రశ్న. సినిమాల్లో పనిచేసే నటులు, సాంకేతిక నిపుణులు టీవీకి రావాలన్నది మరో నియమం. 'ద కిల్లింగ్' రాసిన సోరెన్ స్వైస్‌ట్రప్ హంతకుడెవరో నటులకు సైతం చెప్పలేదు. ఎవరి పాత్రను వాళ్లు అనుమానించుకుంటూనే నటించారు. సోఫీ గ్రాబోల్ పోషించిన డిటెక్టివ్ సారా లుండ్ చూపులో ఆ ఎడతెగని వెతుకులాట కనిపిస్తుంది. నడిమి భాగాల్లో అనుమానితులు మరీ తరచుగా మారడం కొంత విసిగిస్తుంది, ఆ మాట దాచను. అయినా చూడాల్సిందే.

రెండు పొరల సూత్రం 'బోర్గెన్'లో ఇంకా స్పష్టం. 2010లో ఆడమ్ ప్రైస్ రూపొందించిన ఈ కథలో బిర్గిట్టే న్యూబోర్గ్ డెన్మార్క్ తొలి మహిళా ప్రధాని అవుతుంది. నిజ జీవితంలో హెల్లే థార్నింగ్ ష్మిట్ ఆ పదవి చేపట్టింది మరుసటి ఏడాదే. సంకీర్ణ ప్రభుత్వంలో బేరసారాలెలా సాగుతాయో ఇది పూసగుచ్చినట్టు చూపిస్తుంది. సంకీర్ణాల రోజులు చూసిన తెలుగువాళ్లకు ఆ గదుల్లో మాటలు కొత్తగా అనిపించవు. అయితే కథ అసలు బరువు ఇంట్లో ఉంది. ఆమె పదవి కోసం భర్త ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చే ఘట్టంలో తప్పు ఎవరిదో చెప్పడం కష్టం.

'ద బ్రిడ్జ్' స్వీడన్‌తో కలిసి తీసింది. రెండు దేశాల్ని కలిపే ఓరెసుండ్ వంతెన మీద, సరిగ్గా సరిహద్దు గీత దగ్గర శవం పడి ఉంటుంది. ఇదే కథను అమెరికా–మెక్సికో సరిహద్దుకూ, బ్రిటన్–ఫ్రాన్స్ సొరంగానికీ మార్చి మళ్లీ తీశారు. నవ్వు కావాలంటే టీవీ 2 ఛానల్ 2012లో మొదలుపెట్టిన 'రీటా' ఉంది. పిల్లల పక్షాన ఎవరితోనైనా తలపడే టీచరమ్మ, సొంత ముగ్గురు పిల్లల దగ్గర తడబడుతుంది. టీచరమ్మ కథే కదా అని ఇంటిల్లిపాదీ కూర్చోకండి, ఇది పెద్దలు చూడాల్సిన హాస్యం.

డెన్మార్క్ జనాభా దాదాపు 60 లక్షలు. మన హైదరాబాద్ కంటే తక్కువ. మార్కెట్ చిన్నదని వాళ్లు కథను పలచన చేసుకోలేదు. మన ఓటీటీ నిర్మాతలు గమనించాల్సింది ఇదే. రచయితకు సమయమివ్వండి, చివరిదాకా అతని మాట నిలబెట్టండి.

చూసేవాళ్లు 'ద కిల్లింగ్' మొదటి సీజన్‌తో మొదలుపెట్టండి. అమెరికా రీమేక్ కాదు, డేనిష్ మూలమే. సబ్‌టైటిళ్లు పెట్టుకుని, రాత్రికి ఒక్క భాగం చొప్పున చూడండి.