కొలువుల లెక్కలో కులం ఏది?

గోదాముల పార్కు కట్టిన ప్రతిచోటా ముందు వినపడే మాట ఉపాధి. ఇన్ని ఎకరాలు, ఇన్ని కోట్లు, ఇన్ని ఉద్యోగాలు అంటారు. ఆ ఉద్యోగాల్లో ఏ కులం ఎక్కడ నిలబడుతుందో ఎవరూ చెప్పరు. మా విమర్శ అక్కడే మొదలవుతుంది.

విజయవాడ రోడ్డు మీద బాటసింగారంలో 2021లో మొదలైన పార్కునే తీసుకుందాం. ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎండిఎ, ప్రైవేటు పెట్టుబడి కలిసి 40 ఎకరాల్లో కట్టినది. ఇట్లాంటి చోట ఉద్యోగమంటే ఒక్కటి కాదు. మేనేజరు, సూపర్‌వైజరు, కంప్యూటరు ముందు కూర్చునేవాడు, ఫోర్క్‌లిఫ్టు నడిపేవాడు, బస్తా మోసే హమాలీ, గేటుకాడ సెక్యూరిటీ, ఊడ్చే ఆడమనిషి - ఇదొక నిచ్చెన. కింది మెట్టు మీద ఎవరుంటారో మనోళ్లకు చెప్పనక్కర్లేదు. 'ఉపాధి' అనే మాట ఈ నిచ్చెనను దాచిపెడుతుంది.

16(4) అధికరణం ప్రభుత్వ కొలువులకే వర్తిస్తుంది. పార్కులో ప్రభుత్వం భాగస్వామే, కాని పనిలో పెట్టుకునేది కంపెనీ, దాని కింద కంట్రాక్టరు. అందుకే అక్కడ రిజర్వేషన్ ఊసే లేదు. 1994 నుంచి దండోరా చేసిన పోరాటం ఫలించి, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో ఎస్సీల 15 శాతం మూడు గ్రూపులకు 1, 9, 5గా పంపకమైంది. న్యాయమైన పంపకమే. కాని ఆ వాటా గోదాము గేటు దాటి లోపలికి పోదు.

కంట్రాక్టు కార్మికులకు రక్షణ కూడా పల్చబడింది. 1970 చట్టం 20 మంది ఉంటే వర్తించేది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కోడ్ దాన్ని 50కి పెంచింది.

ఎఫ్‌సిఐ గోదాముల్లోనూ ఇదే బస్తా, ఇదే వీపు. అయినా అక్కడి హమాలీలు యూనియన్ కట్టి కొట్లాడి, కొన్ని డిపోల్లో కంట్రాక్టరును తప్పించి, సంస్థ కార్మికులయ్యారు. తేడా పనిలో లేదు, యజమాని ఎవరన్నదాంట్లో ఉంది.

ఊళ్లో పాలేరుతనం కంటే గోదాము మేలు కదా అంటారు కొందరు. మేలే, కాదనం. కాని తక్కువ చెడును అభివృద్ధి అని ఒప్పుకోలేం. ప్రభుత్వం భాగస్వామిగా ఉన్న ప్రతి పార్కు ఒప్పందంలో రిజర్వేషన్ షరతు ఉండాలి. ఏ మెట్టు మీద ఏ కులం వాళ్లు ఎందరో ఏటా బయటపెట్టాలి. ఫోర్క్‌లిఫ్టు, కంప్యూటరు శిక్షణ ముందు మన వాడల పిల్లలకు అందాలి. ఈ లెక్క అడగకుండా ప్రారంభోత్సవాలకు చప్పట్లు కొట్టే పని మాది కాదు.