గుండె కరిగింది ఎవరికి?

జానపదం వింటే గుండె కరుగుతదని మన సాహిత్య విమర్శకులు రాస్తుంటరు. ఎవరి గుండె, ఎవరు కొడితే అన్నది అడగరు.

మక్తల్ మాదిగవాడల పుట్టినోళ్లకు డప్పు ముందు పిలుపు, ఆ తర్వాతే సంగీతం. పెద్దకులపోళ్ల ఇంట్ల పీనుగ లేస్తే మా నాయిన సిర్ర, సిటికెన పుల్ల పట్టుకొని ఉరకాలె. గడ్డిమంట మీద డప్పు కాపి దరువేస్తే వాళ్ల దుఃఖం కొంత కుదుటపడేది. మా అమ్మకు మాత్రం గుండెల దడ. ఆ పూట కూలి పాయె! దరువు జోరైతే గుండె కూడా జోరుగ కొట్టుకుంటదని డాక్టర్లు చెప్తరు. వెట్టి తెచ్చిన దడ ఆ లెక్కల ఉండదు.

1994ల మాదిగ దండోరా లేచినంక అదే తోలు, అదే దరువు మన కోసం మనం కొట్టుకున్నం. అదే మా నాయిన రొమ్ము విరుచుకొని నడిచిండు. దరువు ఎవరి కోసం మోగుతుందన్న దాన్ని బట్టే గుండె మారుతది.

ఈ మాట మనకూ వర్తిస్తది. పన్నెండు మెట్ల కిన్నెర మీద మన పాలమూరు పండుగ సాయన్న కథ పాడిన దర్శనం మొగిలయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది. ఆయన డక్కలి. జాంబ పురాణం చెప్పి మన పుట్టుకను మనకు గుర్తుచేసిన డక్కలోళ్లను వాడ బయటనే ఉంచింది మాదిగలమైన మనమే. పెద్దకులాలు మనకు చేసిందే మనం వాళ్లకు చేసినం. కిన్నెర విని కండ్లనీళ్లు పెట్టుకుంటే చాలదు, పాడినోన్ని మన ఇంట్ల, మన పక్కన కూసోబెట్టుకోవాలె.